మూగ గడియారం

సెల్లె
మార్చి మొదటివారం

అక్కా,

నువ్వు పంపిన పుట్టినరోజు కానుక క్షేమంగా చేరింది. పెట్టె విప్పగానే నవ్వొచ్చింది. నలభై ఏళ్ళుగా ఊరివాళ్ళ పియానోలకు శ్రుతి చేసి బతుకుతున్న మనిషికి వేళకు నిద్ర లేవడం రాదని నీకెవరు చెప్పారోగాని, ఉన్నమాటే చెప్పారు.

నా పాత గడియారం సంగతి నీకు తెలుసు. నెత్తిమీద రెండు గిన్నెలు పెట్టుకుని, వాటి మధ్య సుత్తి ఆడిస్తూ మంచాన్ని కూడా కదిలించేది. పోయిన నెల స్టూలు మీదినుంచి పడి చచ్చిపోయింది. అప్పటినుంచి నాకు తెల్లవారడం అనేది నా ఇష్టప్రకారం జరుగుతోంది.

పెట్టెమీద రేడియో గడియారం అని చూసి పాటలొస్తాయనుకున్నాను. కాగితం చదివాక తెలిసింది. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఎక్కడో నిలబెట్టిన స్తంభాలనుంచి దేశమంతటికీ సమయం పంపిస్తుంటారట. ఇది గాలిలోంచి దాన్ని అందుకుని తనను తానే దిద్దుకుంటుందట. మనిషి చెయ్యవలసిందల్లా బ్యాటరీలు వేసి చేతులు కట్టుకుని కూర్చోవడం. ఆ ఒక్కటే నావల్ల కాలేదు.

గడియారం అద్దం మూల స్తంభం బొమ్మ ఆరుతూ వెలుగుతూ ఉంది. పాపం వెతుక్కుంటోంది కదా, సాయం చేద్దామని వెనకాల ఒక మీట నొక్కాను. వారం పేరు ఫ్రెంచిలోకి మారింది. దాన్ని సరిచేయబోయి ఇంకోటి నొక్కితే సమయం గంట వెనక్కి పోయింది. ప్రస్తుతం నా మంచం పక్కన ఫ్రెంచివాళ్ళ బుధవారం, ఇంగ్లండువాళ్ళ సమయం నడుస్తున్నాయి. నేను మాత్రం జర్మనీలోనే పడుకుంటున్నాను.

ఏం చెయ్యాలో రాయి. ఫోన్ చెయ్యమంటావు, నాకు తెలుసు. ఈ కాలపు ఫోనుల్లో అందరూ నోట్లో రొట్టెముక్క పెట్టుకుని మాట్లాడుతున్నట్టుంటారు. ఉత్తరమే నయం.

నీ తమ్ముడు
ఎక్‌హార్ట్

*

హూజుమ్
మార్చి, గాలి ఎక్కువగా ఉన్న రోజు

ఒరే ఎక్‌హార్ట్,

ముందు దాని వెనక మూత తీసి బ్యాటరీలు పీకెయ్. టీ పెట్టుకో. తాగు. తాగడం అయ్యాక మళ్ళీ వెయ్. అప్పటికి అది నువ్వు చేసిందంతా మరిచిపోయి కొత్తగా పుట్టినట్టు ఉంటుంది. వెంటనే కిటికీలో పెట్టి, ఆ గదిలోంచి బయటికి వచ్చెయ్. గదిలో ఉంటే నొక్కుతావు. స్తంభం బొమ్మ ఆడకుండా నిలబడిందంటే సమయం దొరికినట్టు. ఆ తర్వాత మంచం పక్కన పెట్టుకో. దీపం స్విచ్చికి కాస్త ఎడంగా ఉంచు.

నేనేదో పుట్టుకతోనే నేర్చుకున్నాననుకోకు. నాకూ అలాంటిదే ఒకటి ఉంది. మొదట టీవీ మీద పెట్టాను. నాలుగు రోజులు ఆ స్తంభం ఆడుతూనే ఉంది. కొట్టువాడి దగ్గరికి పోయి, దీవుల పడవలకు ముప్ఫై ఏళ్ళు టికెట్లు అమ్మినదాన్ని, నాకు వేళలు నేర్పకు అని ఓ గంట ఉపన్యాసం ఇచ్చాను. అతను అంతా విని, "అమ్మా, దాన్ని టీవీ మీంచి దించండి" అన్నాడు. దించాను. అంతే. ఇప్పుడు ఆ కొట్టున్న వీధిలోంచి పోకుండా చుట్టూ తిరిగి చేపలకు వెళ్తున్నాను.

ఈ నెలాఖరున అందరూ గడియారాలు గంట ముందుకు తిప్పుకోవాలి. నువ్వు తిప్పకు. అదే తిప్పుకుంటుంది. నీకు చేతులు దురద పెడితే జేబులో పెట్టుకో.

వీబ్కే

*

సెల్లె
ఏప్రిల్ నెలాఖరు

అక్కా,

గడియారం కుదిరింది. టీ తాగాను, గదిలోంచి బయటికి పోయాను, తలుపు సందులోంచి మాత్రం చూశాను. స్తంభం నిలబడింది. వేసవి వేళ కూడా దానంతట అదే మార్చుకుంది. ఆదివారం పొద్దున్న చర్చి గంటతో పోల్చి చూస్తే చర్చి గంటే తప్పు. పాస్టరుగారికి ఆ మాట చెప్పాను. ఆయన పెద్దగా సంతోషించలేదు.

ఇక అసలు సంగతి. ఇది సమయం చెబుతుంది గాని నిద్ర లేపదు. మొన్న లూనెబుర్గ్‌లో కచేరీ పియానో ఒకటి నాకోసం ఎదురుచూస్తుంటే, పొద్దున్న మొదటి రైలుకు వెళ్ళాల్సి వచ్చింది. అలారం పెట్టుకున్నాను, గంట బొమ్మ వచ్చిందని రెండుసార్లు చూసుకున్నాను. కళ్ళు తెరిచేసరికి గదినిండా ఎండ. గడియారం మాత్రం క్షణం తేడా లేకుండా నేను ఎంత ఆలస్యమో చూపిస్తోంది. కచేరీ చేసే ఆయన వచ్చేసరికి నేనింకా పియానో లోపల తల దూర్చుకుని ఉన్నాను. ఆయన నా వీపుకే దండం పెట్టి వెళ్ళిపోయాడు.

ఇంకోమాట. ఈ మధ్య పియానోల తయారీ దిగజారిపోయింది. పై స్వరాలు నొక్కితే కర్రమీద గోరుతో తట్టినట్టు టక్కుమంటున్నాయి తప్ప స్వరం లేదు. పాతవి కూడా అలాగే అవుతున్నాయి. తీగలను కొట్టే సుత్తులకు చుట్టే ఉన్ని కల్తీ అనుకుంటాను. ఆ పై స్వరాల దగ్గర చెవికంటే చేతి అలవాటుతోనే పని లాగిస్తున్నాను. పియానో సుత్తులూ గడియారాలూ ఒకే ఫ్యాక్టరీలో చేస్తున్నారేమో.

ఎక్‌హార్ట్

*

హూజుమ్
మే

ప్రియమైన తమ్ముడికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను.

గడియారం పక్కన చిన్న మీట ఒకటి ఉంటుంది, పైకి జరిపితేనే అలారం మోగుతుంది. అది చూడు. బ్యాటరీలు కొత్తవి వెయ్. అప్పటికీ మోగకపోతే మధ్యాహ్నం కాఫీ వేళకు అలారం పెట్టి, ఎదురుగా కూర్చుని చూడు. నిద్రలో ఉన్న మనిషి సాక్ష్యం చెల్లదు.

పియానోల సంగతి నాకు తెలియదు. మా పక్కింటి క్రిస్టా పోయిన నెల కొత్త పియానో కొంది. విన్నాను. నాకైతే బాగానే ఉంది. నాకేం తెలుసులే.

మీ పెరట్లో చిన్న పిట్టలు ఈ ఏడు బాగా పాడుతున్నాయా? ఊరికే అడిగాను. ఇక్కడ చెవులు హోరెత్తుతున్నాయి.

వీబ్కే

*

సెల్లె
జులై

అక్కా,

సాక్ష్యం దొరికింది. నీ గడియారం మూగది.

నువ్వు చెప్పినట్టే కాఫీ వేళకు అలారం పెట్టాను. కాఫీ పోసుకుని, కేకుముక్క ముందు పెట్టుకుని, న్యాయమూర్తిలా ఎదురుగా కూర్చున్నాను. వేళ అయింది. గంట బొమ్మ పిచ్చెత్తినట్టు ఆడింది. ఒక్క చప్పుడు లేదు. కేకు తిన్నాను, ఇంకా ఆడుతూనే ఉంది. నోరు తెరుస్తుంది, గొంతు లేదు. జాలేసింది కూడా. దాన్ని వేరేగా పార్సిల్ చేసి ఇవాళే పంపుతున్నాను. కొన్న కొట్టులో చూపించు. ఆ కొట్టతనికి మొహం చూపించలేకపోతే ఎవరిచేతనైనా పంపు.

ఈ మధ్య పొద్దున్న లేవడానికి మాత్రం కష్టం లేదు. గోడ అవతల వాటాలో క్వాస్ట్ అనే ఆవిడ దిగింది. రాత్రి డ్యూటీ చేసి వచ్చే నర్సు. రోజూ పొద్దున్నే గోడకు మేకులు కొడుతుంది. ఒక మనిషి దగ్గర అన్ని ఫోటోలు ఎలా ఉంటాయో అర్థం కాదు. మెట్లమీద కనబడితే నేను నవ్వుతాను, ఆవిడ నవ్వదు.

పిట్టల సంగతి అడిగావు, బాగా అడిగావు. ఈ ఏడు ఒక్క చిన్న పిట్ట పాడలేదు. పావురాలు మాత్రం గుడ్‌గుడ్‌మంటున్నాయి. పచ్చికలో మిడతల రొద కూడా పోయింది. పొలాల్లో కొట్టే మందులే కారణం. ఊరుకోలేక మా జిల్లా పత్రికకు ఘాటుగా ఉత్తరం రాశాను. వేశారు, నా పేరు లావు అక్షరాల్లో.

ఎక్‌హార్ట్

*

హూజుమ్
జులై

ప్రియమైన ఎక్‌హార్ట్‌కు,

పార్సిల్ అందింది. చూపించాను. ఇప్పుడు బాగానే ఉంది. తిరిగి పంపుతున్నాను. దయచేసి మంచం పక్కనే, గోడ వైపు పెట్టుకో.

ఇక్కడ అందరం క్షేమం. ఎండలు పరవాలేదు. నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను.

వీబ్కే

*

సెల్లె
ఆగస్టు

అక్కా,

నీ జులై ఉత్తరం చూసి, ఇది మా అక్క రాసింది కాదు, బ్యాంకు మేనేజరు రాశాడనుకున్నాను. ఇప్పుడు అర్థమైంది.

నువ్వు చెప్పినట్టే గడియారాన్ని గోడవైపు పెట్టి, అలారం మళ్ళీ పొద్దుటికి మార్చుకున్నాను. మూడోనాడు పొద్దున్న తలుపు విరిగేలా బాదుతున్నారు. తీస్తే క్వాస్ట్ గారు. రాత్రి గౌనుమీద వానకోటు, చేతిలో చీపురు.

"టీడెమాన్ గారూ, మీతో గొడవపడాలని లేదు నాకు. రాత్రంతా రోగుల దగ్గర నిలబడి వచ్చి అప్పుడే పడుకుంటాను. ఆ గడియారం గొంతు మీరు నొక్కుతారా, నేను నొక్కనా?"

"ఏ గడియారం అమ్మా?"

"ఏ గడియారమా? అదిగో, ఇప్పుడూ కూస్తూనే ఉంది కదా."

వెనక్కి తిరిగి చూశాను. మంచం పక్కన గంట బొమ్మ ఆడుతోంది. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఆవిడ ఒక చేత్తో చెవి మూసుకుని నావంక చూస్తోంది. నేను గడియారం వంక చూస్తున్నాను. ఆవిడ చీపురు గోడకు ఆనించి లోపలికి వచ్చి, మీట నొక్కి ఆపింది. అప్పుడు ఆవిడ మొహం సడలింది కాబట్టి ఆగిందని తెలుసుకున్నాను.

"మీకు వినబడటం లేదు కదూ?" అంది, ఈసారి నర్సు గొంతుతో.

"గోడకు మేకులు కొడుతున్నది మీరు కాదా?"

"మేకులేంటండీ? చీపురు కర్ర. ఏప్రిల్ అంతా ఓర్చుకుని, మే నుంచి కొడుతున్నాను."

ఆవిడే బలవంతంగా చెవుల డాక్టరు దగ్గర పేరు రాయించింది. వెళ్ళాను. చిన్న గదిలో కూర్చోబెట్టి తలకు ఇయర్‌ఫోన్లు తగిలించి, చేతికి ఒక మీట ఇచ్చారు. శబ్దం వినబడగానే నొక్కాలట. మొదట్లో లావు శబ్దాలు వచ్చాయి, నొక్కాను. తర్వాత ఏమీ లేదు. యంత్రం చెడిపోయిందేమో, బాగుచేస్తున్నారేమో అని మర్యాదగా చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూస్తూ కూర్చున్నాను. చివరికి ఆ అమ్మాయి తలుపు తీసి, "అయిపోయిందండీ" అంది.

పోయినవి సన్నని శబ్దాలేనని చెప్పి, నా వృత్తి ఏమిటని డాక్టరు అడిగాడు. చెప్పాను. కలం కింద పెట్టేశాడు.

పత్రిక కూడా నన్ను వదల్లేదు. నా పిట్టల ఉత్తరానికి ముగ్గురు జవాబు రాశారు. ఒకాయన తన తోటకు వచ్చి వినమని చిరునామా కూడా ఇచ్చాడు. పిట్టలను చంపేశారని రైతులందరినీ తిట్టాను అక్కా. అవి నా కిటికీ ముందే కూర్చుని పాడుతున్నాయట.

పియానోల ఉన్ని కల్తీ కాదు. అది కూడా నీకు వేరే చెప్పక్కర్లేదు. శ్రుతి చేసేవాడికి చెవి పోవడం ఎలాంటిదో నేను సరదాగా రాయాలని చూశాను, కుదరలేదు. కొట్టేశాను.

ఎక్‌హార్ట్

*

హూజుమ్
ఆగస్టు

ఒరే తమ్ముడూ,

జులైలో జరిగింది ఇప్పుడు చెబుతాను. మధ్యాహ్నం కాఫీ వేళకు మా పోస్టుమాన్ సైకిలు గేటు దగ్గర పారేసి, పార్సిల్‌ను చేతులు చాచి, మొహం పక్కకు తిప్పుకుని పట్టుకొచ్చాడు.

"వీబ్కే గారూ, ఇందులో ఏమన్నా ప్రాణమున్నది ఉందా? దారంతా జనం నన్నే చూస్తున్నారు" అన్నాడు.

నువ్వు కాఫీ వేళకు పెట్టిన అలారం ఆపకుండానే కట్టేశావు. అన్ని కాగితాలు చుట్టినా, అట్టపెట్టెలోంచి వీధి చివరిదాకా వినబడుతోంది. నువ్వు ఎదురుగా కూర్చుని కేకు తిన్నది ఈ శబ్దం ముందే. గడప మీదే పెట్టె విప్పి అలారం ఆపాను.

ఏ కొట్టులోనూ చూపించలేదు. చూపించడానికి ఏముంది? పియానోలు కర్రలా మోగుతున్నాయని నువ్వు రాసిన రోజే నాకు అనుమానం వచ్చింది. అందుకే పిట్టల గురించి అడిగాను. గొప్ప గూఢచారి పని చేశాననుకున్నాను. నువ్వు పత్రికకెక్కుతావని ఎలా ఊహిస్తాను? గడియారం ఎక్కడ పెట్టాలో, ఏ మీట నొక్కాలో పేజీలు పేజీలు రాసినదాన్ని, నీ చెవుల గురించి ఒక్క వాక్యం రాయలేకపోయాను. కాగితం తీసుకునేదాన్ని, ఎండలు పరవాలేదు అని రాసేదాన్ని. ఇంత పిరికిదాన్నని ఈ వయసులో తెలిసింది. చివరికి గోడవైపు పెట్టుకో అని రాసి, ఎవరో తెలియని ఆ నర్సమ్మ నెత్తిన వేశాను. ఆవిడకు ఎండుచేపలు పంపుతున్నాను, ఇవ్వు.

ఇప్పుడు చెప్పాల్సిన మాట చెబుతాను. నీ పియానోలవాళ్ళకు నువ్వే చెప్పెయ్. వాళ్ళంతట వాళ్ళు కనిపెట్టకముందే చెప్పు. అది తప్పించుకోవడానికి వీల్లేదు. కావాలంటే నేనొచ్చి నీ పక్కన నిలబడతాను.

అక్క

*

సెల్లె
అక్టోబరు

అక్కా,

నువ్వు రానక్కర్లేకపోయింది. వచ్చుంటే నవ్వేదానివి, నవ్వి ఏడ్చేదానివి.

ముందు చిన్న విషయాలు. చెవి యంత్రాలు పెట్టారు. కాగితం మడిస్తే అడవి తగలబడినట్టుంది. మాటలు బాగా తెలుస్తున్నాయి గాని పియానో స్వరం మాత్రం రేకుడబ్బాలోంచి వస్తోంది, దాంతో శ్రుతి చెయ్యడం జరగని పని. నిద్రపోయేటప్పుడు తీసెయ్యాలి కాబట్టి అలారం సమస్య అలాగే ఉంది. క్వాస్ట్ గారూ నేనూ ఒప్పందానికి వచ్చాం. ఆవిడ ఇంటికి చేరే వేళకే నా అలారం. అది మోగగానే ఆవిడ గోడమీద చీపురుతో ఒక్కటి వేసి, అప్పుడు పడుకుంటుంది. దేశం స్తంభాలు కట్టి, గాలిలో సమయం పంపి, గడియారం దాన్ని పట్టుకుని, ఆ నర్సుకు చెబితే, ఆవిడ చీపురుతో నాకు చెబుతోంది. ఒక్క పియానోవాణ్ణి లేపడానికి ఇంత ప్రభుత్వ యంత్రాంగం.

ఇక పెద్ద విషయం. మొదట సంగీత పాఠశాల నడిపే ఓస్టర్‌లో గారి దగ్గరికి వెళ్ళాను. ఇరవై ఏళ్ళుగా అక్కడి పియానోలు నావే. అద్దం ముందు నిలబడి నేర్చుకున్న ప్రసంగం అప్పజెప్పాను. పై స్వరాలు నాకు వినబడటం లేదు, ఇకమీద రాను, క్షమించండి అని. ఆవిడ ఎర్రబడింది.

"ముందు కాఫీ తాగండి టీడెమాన్ గారూ" అంది.

"తాగను. చెప్పండి."

"మాకు తెలుసండీ."

"ఎప్పటినుంచి?"

"పోయినేడాది వసంతం నుంచి. చెబుదామనే అనుకుంటాం. మీరొస్తారు, కోటు విప్పుతారు, పిల్లల్ని నవ్విస్తారు, పని మొదలుపెడతారు. ఇంక నోరెలా వస్తుంది?"

"మరి పై స్వరాలు?"

ఆవిడ కాఫీ చెంచా తిప్పుతూ, "మీరు వెళ్ళాక ఇమ్కే వస్తుంది" అంది.

ఇమ్కే అంటే పక్క ఊళ్ళో పియానోలు బాగుచేసే ఆమె. నలభై దాటి ఉంటాయి. దారిలో ఎదురుపడితే ఎప్పుడూ నాకంటే ముందే నమస్కారం చేసేది. అది గౌరవం అనుకునేవాణ్ణి. సైకిలెక్కి నేరుగా వాళ్ళ ఊరు పోయాను. దారిపొడుగునా తిట్లు కూర్చుకున్నాను. మంచివే కుదిరాయి. దొంగచాటుగా నా పని దిద్దడానికి నువ్వెవరు అన్నది వాటన్నిటిలోకీ సాధువు.

తన షెడ్డులో ఒక పియానో కింద పడుకుని ఉంది. కాళ్ళు మాత్రం కనబడుతున్నాయి.

"ఎవరది?"

"నీకంటే ముందు వచ్చేవాణ్ణి."

పలకకు తల కొట్టుకున్న చప్పుడు వినబడింది. అది లావు శబ్దం. నుదురు రుద్దుకుంటూ బయటికి వచ్చి నన్ను చూసింది. నేను సిద్ధం చేసుకున్నవన్నీ ఎటో పోయాయి.

"ఎన్ని ఇళ్ళు?" అన్నాను.

"అడక్కండి."

"ఎన్ని?"

"దాదాపు అన్నీ."

స్టూలు లాగి కూర్చోబెట్టింది. కూర్చోగానే అడిగాను. అన్ని ఇళ్ళలో నన్ను వెర్రివాణ్ణి చేశారు కదా, నేను వెళ్ళగానే తలుపు వేసుకుని నవ్వుకునేవాళ్ళా అని. తనకు కోపం వచ్చింది.

"నవ్వుకోవడానికి వాళ్ళకేం పట్టింది? మీరు మానేస్తారేమోనని భయపడి చచ్చారు. కింద స్వరాలూ మధ్య స్వరాలూ మీరు చేశాక నేను ముట్టుకోను. ఒక్కసారి అతితెలివికి పోయి ముట్టుకున్నాను. మళ్ళీ మీరు పెట్టినట్టు తేవడానికి సాయంత్రం దాకా పట్టింది. అప్పటికీ రాలేదు. మీ తర్వాత ఏ ఇంటికి పిలిచినా పరుగెత్తుకెళ్ళేది ఎందుకనుకున్నారు? వినడానికి."

నేను టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాను.

"ఏడాదిన్నరగా మనం కలిసే పనిచేస్తున్నాం. మీకు చెప్పలేదు, అంతే. ఇకనుంచి ఒకే రోజు వెళ్దాం. ఆ ఇళ్ళవాళ్ళకు అబద్ధాలాడే బాధన్నా తప్పుతుంది" అంది.

ఆలోచించుకుంటానన్నాను. గేటుదాకా వచ్చి వెనక్కి వెళ్ళి, సరేనన్నాను. ఆలోచించింది అంతసేపే.

నిన్న మా ఊరి నాటకశాలలో కచేరీ పియానో. ఇద్దరం వెళ్ళాం. నా భాగం నేను చేశాను. యంత్రాలు తీసి జేబులో వేసుకుని, కింది స్వరాలనుంచి మధ్యదాకా, ఎప్పటిలాగే. తర్వాత లేచి బల్ల ఆమెకు ఇచ్చాను. అలా లేచి ఇంకొకరికి చోటివ్వడం ఎప్పుడూ లేదు. ఇచ్చాక ఎక్కడ నిలబడాలో కూడా తెలియలేదు. మొదటి వరస కుర్చీలో ప్రేక్షకుడిలా కూర్చున్నాను.

ఆమె పైకి వెళ్ళేకొద్దీ నాకు శబ్దం సన్నబడి సన్నబడి పోయింది. చివరికి వేళ్ళు కదలడం, తీగలు బిగించే తాళంచెవి రవ్వంత తిరగడం, ఆమె తల పక్కకు వంచి వినడం, అంతే కనబడింది. ఎవరి పనైనా సరే, చివర్లో నేనొకసారి మీటలన్నీ వాయించి చూడందే మూత వెయ్యనిచ్చేవాణ్ణి కాను. నా గురువు పని కూడా అలాగే చూశాను, తన్నులు తిన్నాను.

ఆమె తాళంచెవి సంచిలో పెట్టుకుంది.

"సరిపోయిందా?" అని అడిగాను.

ఆమె ఆఖరి మీట ఇంకొకసారి నొక్కి, చెవి ఒగ్గి, "సరిపోయింది" అంది.

లేచి వెళ్ళి పియానో మూత దించాను.

ఎక్‌హార్ట్